బిగింపు లెక్క: పాత కారు మ్యానిఫోల్డ్ నట్ల గురించి



1982లో తెలుగుదేశం పార్టీ పెట్టిన నందమూరి తారక రామారావు ఒక పాత షెవ్రొలే వ్యానుకు మార్పులు చేయించి, చైతన్య రథం అని పేరు పెట్టి, కొడుకు హరికృష్ణ స్టీరింగ్ పట్టగా రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ప్రచారం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. అంత పాత బండి ఎండల్లో, మట్టి రోడ్ల మీద ఆగకుండా తిరిగేలా చూసిన మెకానిక్కుల గురించి రాసినవాళ్లు మాత్రం అరుదు.

ఎన్టీఆర్ నెలకొల్పిన రామకృష్ణ సినీ స్టూడియోస్ హైదరాబాదుకు తూర్పున నాచారంలో ఉంది. ఆ స్టూడియో దాటి కాస్త ముందుకెళ్తే పారిశ్రామికవాడ మొదలవుతుంది. లేత్ మిషన్లు, గ్రైండింగ్ షెడ్లు, వెల్డింగ్ దుకాణాలు. ఇటు హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వస్తే అక్కడా ఇదే వరస. ఉప్పల్లోనే ఆర్టీసీ జోనల్ వర్క్‌షాప్ ఉంది. బస్సు ఇంజన్లు విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించి డిపోలకు పంపే చోటు అది. ఆ ఆర్టీసీ మూలాలు 1932 జూన్ 15 దాకా వెళ్తాయి. ఆ రోజు నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. అవి స్కాట్లాండు నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులు. ఇంజన్ విప్పి బిగించే విద్య హైదరాబాదుకు నిన్నమొన్న వచ్చింది కాదు.

ఆ విద్యలో ఒక చిన్న భాగం గురించే ఈ ప్రసంగం. పాత కారు ఇంజన్ పక్కన మ్యానిఫోల్డ్‌ను పట్టి ఉంచే అర డజను నట్లు. వాటిని ఎంత బిగించాలి, ఏ వరసలో బిగించాలి, ఎప్పుడు బిగించాలి. ఇంజన్ మొత్తం బోర్ చేయించి, కొత్త పిస్టన్లు వేయించి, రంగు కొట్టించి లక్షలు ఖర్చుపెట్టినవాళ్లు కూడా చివరికి ఈ నట్ల దగ్గరే దెబ్బతింటుంటారు.

మన ఊళ్లలో ఎక్కువగా మిగిలిన పాత కారు అంబాసిడర్ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును ఆధారం చేసుకుని హిందుస్థాన్ మోటార్స్ 1957లో దీన్ని తెచ్చింది. 1959 నుంచి దీనికి బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వారి 1489 సీసీ ఇంజన్ పెట్టారు. ఎంజీ స్పోర్ట్స్ కార్లకు పెట్టిందీ ఇదే కుటుంబం ఇంజనే. బెంగాల్లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014 మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది.

ఈ ఇంజన్ హెడ్డుకు ఒక పక్కనే ఐదు రంధ్రాలుంటాయి. రెండింటి గుండా పెట్రోలు కలిసిన గాలి లోపలికి పోతుంది, మూడింటి గుండా పొగ బయటికి వస్తుంది. నాలుగు సిలిండర్లకు మూడే పొగ దారులు ఎలా సరిపోతాయంటే, మధ్యలో ఉన్నది రెండో సిలిండర్‌కు, మూడో సిలిండర్‌కు ఉమ్మడి. అందుకే మధ్య భాగం అన్నిటికంటే ఎక్కువ వేడెక్కుతుంది. చల్లటి గాలి లోపలికి తెచ్చే గొట్టం, నిప్పులాంటి పొగ బయటికి పంపే గొట్టం పక్కపక్కనే, ఒకే ప్యాకింగ్ మీద కూర్చుంటాయి. ఈ గొట్టాలనే మ్యానిఫోల్డ్‌లు అంటారు. మన మెకానిక్కులు ప్యాకింగ్ అనేది గాస్కెట్‌నే.

ఇప్పుడు వేడి లెక్క చూడండి. నీళ్లు తిరిగే హెడ్డు వేడి వంద డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. దానికి అతుక్కున్న పొగ మ్యానిఫోల్డ్ నాలుగైదు వందల డిగ్రీలకు పోతుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న పోత ఇనుము 400 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఒకటిన్నర మిల్లీమీటరు దాటి సాగుతుంది. హెడ్డు మాత్రం అంత సాగదు. అంటే కారు స్టార్టు చేసిన ప్రతిసారీ మ్యానిఫోల్డ్ రెండు చివరలూ హెడ్డు మీద బయటికి జరగాలని చూస్తాయి. ఇంజన్ చల్లారినప్పుడు వెనక్కి వస్తాయి. మ్యానిఫోల్డ్ కన్నాలు స్టడ్డు, అంటే హెడ్డులోంచి బయటికి వచ్చే మర కడ్డీ, కంటే కాస్త వదులుగా చేసేది ఈ కదలికకు చోటివ్వడానికే.

బిగింపు అసలు రహస్యం ఇక్కడే ఉంది. పొగ కారకుండా పట్టి ఉంచాలి, జరగాల్సినప్పుడు జరగనివ్వాలి. చైతన్య రథం షెవ్రొలే అన్నాం కదా, ఆ కంపెనీ 1929లో తెచ్చిన ఆరు సిలిండర్ల ఇంజన్‌ను అమెరికాలో స్టవ్‌బోల్ట్ సిక్స్ అని పిలిచేవారు. పలు మార్పులతో అది దశాబ్దాలు నడిచింది. ఆ ఇంజన్ల వర్క్‌షాప్ పుస్తకాల్లో మ్యానిఫోల్డ్ మధ్య బోల్టులకు తిప్పే బలం 25 నుంచి 30 పౌండ్-అడుగులు, రెండు చివర్ల బోల్టులకు 15 నుంచి 20 మాత్రమే అని రాసి ఉంటుంది. మధ్యలో గట్టిగా, చివర్లలో కొంచెం తక్కువ. చివర్లు జరగడానికి వీలుండాలని ఇంజనీర్లు కావాలనే అలా పెట్టారు. ఈ సంగతి తెలియక అన్నీ ఒకే బిగువుకు లాగితే, ముఖ్యంగా చివర్లు ఎక్కువ బిగిస్తే, మ్యానిఫోల్డ్ చెవులు విరిగిపోతాయి. అలా చెవి విరిగి, పోత ఇనుము అతుకులు పడ్డ మ్యానిఫోల్డ్‌లు ఏ పాత సామాన్ల దుకాణంలో అడిగినా చూపిస్తారు.

బీఎంసీ ఇంజన్లలో ఇంకో చిక్కుంది. ఎంజీబీ లాంటి కార్లలో గాలి మ్యానిఫోల్డ్, పొగ మ్యానిఫోల్డ్ వేర్వేరు పోతలు. రెండింటి మధ్య ఒకే స్టడ్డు, దాని మీద మందపాటి పెద్ద వాషర్. ఆ వాషర్ సగం ఒకదాని అంచు మీద, సగం ఇంకోదాని అంచు మీద కూర్చుని రెండింటినీ కలిపి నొక్కుతుంది. రెండు అంచుల మందమూ ఒకేలా ఉంటే పేచీ లేదు. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయినా, ఒకదానికి మాత్రమే ఫేసింగ్, అంటే ముఖం చదును, చేయించినా మందం తేడా వస్తుంది. అప్పుడు వాషర్ వాలుగా కూర్చుంటుంది. మందంగా ఉన్న అంచును గట్టిగా నొక్కుతుంది, పలచగా ఉన్నదాన్ని అసలు ముట్టుకోదు. నట్టు తిప్పే చేతికి మాత్రం అంతా గట్టిగా బిగిసినట్టే తెలుస్తుంది. ఎంత బిగించినా పొగ ఆగడం లేదని విసుక్కునేవాళ్లు ముందు ఈ వాషర్లు చదునుగా కూర్చున్నాయో లేదో కళ్లతో చూడాలి. తేడా ఉంటే రెండు మ్యానిఫోల్డ్‌లనూ జతగా పట్టి ఒకేసారి ఫేసింగ్ చేయించాలి. నాచారం వైపు గ్రైండింగ్ షెడ్లకు ఇది కొత్త పని కాదు. విడివిడిగా ఇచ్చి చేయించడమే తప్పు.

ఇక నట్టు. ఈ ఇంజన్ల మ్యానిఫోల్డ్ స్టడ్డు అంగుళంలో పదహారింట ఐదు వంతుల లావు. దాని నట్టుకు అర అంగుళం పానా కావాలి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఈ రోజుల్లో ఏ పెట్టె తెరిచినా మిల్లీమీటర్ పానాలే. 12 నంబరు ఎక్కదు, 13 నంబరు ఎక్కుతుంది కానీ కొంచెం ఆడుతుంది. ఆ పావు మిల్లీమీటరు పైచిలుకు వదులే నట్టు మూలలు అరగదీస్తుంది. మంచి మెకానిక్కులు వాడేది ఇత్తడి నట్టు కాబట్టి అది మరీ త్వరగా గుండ్రమైపోతుంది. పాత అంగుళాల పానా ఒకటి కొని పెట్టుకోవడం పాత కారు యజమానికి తప్పనిసరి ఖర్చు.

ఇత్తడి మెత్తనిది కదా, ఇనుప నట్టే వేస్తే పోలేదా అని కొందరికి అనుమానం. వేడికి, తేమకు ఇనుప నట్టు ఇనుప స్టడ్డుతో తుప్పు పట్టి ఒక్కటైపోతుంది. మళ్లీ విప్పబోతే స్టడ్డు హెడ్డులోనే విరుగుతుంది. ఇత్తడి అలా పట్టుకోదు. పాడైతే ముందు నట్టే పాడవుతుంది. నట్టు ఖరీదు కొన్ని రూపాయలు, విరిగిన స్టడ్డు తీయించడం ఒక పూట పని. స్ప్రింగ్ వాషర్లు కూడా ఇక్కడ పనికిరావు, ఆ వేడికి వాటి బిర్రు చచ్చిపోతుంది. మందపాటి మామూలు వాషరే మేలు.

ఎంత బిగించాలి? ఎంజీబీ పుస్తకంలో ఈ నట్లకు 15 పౌండ్-అడుగులు. కొత్త లెక్కలో దాదాపు 20 న్యూటన్ మీటర్లు. చేతి బలంలో చెప్పాలంటే అర అడుగు పొడవున్న పానా చివర 13, 14 కిలోల బరువు వేలాడితే ఎంతో అంత. అంతేనా అనిపిస్తుంది. పొడి మరల మీద ఆ మాత్రం తిప్పితేనే ఒక్కో స్టడ్డు సుమారు 1,300 కిలోల బలంతో మ్యానిఫోల్డ్‌ను హెడ్డుకు నొక్కుతుంది. అదే ఒక మనిషి అడుగు పొడవు పానా పట్టి 30 కిలోల బలంతో లాగితే 66 పౌండ్-అడుగులు. కావాల్సిన దానికి నాలుగింతలు పైనే. పక్కన నిలబడ్డ యజమాని, ఇంకొంచెం గట్టిగా లాగన్నా అన్నప్పుడల్లా స్టడ్డు తెగే దిశగా ఒక అడుగు ముందుకు పడుతుంది.

తిప్పిన బలమంతా బిగువుగా మారదు. దాదాపు సగం నట్టు అడుగున రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం మరల రాపిడికి పోతుంది. స్టడ్డును సాగదీసి పట్టు ఇచ్చేది చివరికి మిగిలే పదో వంతే. తుప్పు పట్టిన మర మీద, తిప్పే బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ 15 చూపించినా అసలు బిగువు సగం కూడా ఉండకపోవచ్చు. నూనె రాసిన మర మీద అదే 15కు స్టడ్డు అవసరానికి మించి సాగవచ్చు. అందుకే మరలను ముందు తీగ బ్రష్షుతో తోమాలి. పట్టేయకుండా ఉండేందుకు ఏదైనా గ్రీజు రాస్తే బిగింపును పావు వంతు దాకా తగ్గించుకోవాలి. పుస్తకంలో నూనె రాయమని ఉందో, పొడిగా బిగించమని ఉందో ఒకసారి చదివి చూడాలి.

టార్క్ రెంచ్ పుట్టిందే ఇలాంటి అవసరం కోసం. 1918లో న్యూయార్క్ నగర నీటి శాఖలో పనిచేసే కాన్రాడ్ బార్ అనే ఆయన, భూమి కింద గొట్టాల అంచుల బోల్టులను ఒక్కొక్కరు ఒక్కోలా బిగించడం చూసి ఈ పనిముట్టును తయారుచేశాడు. గొట్టం అంచయినా మ్యానిఫోల్డ్ అంచయినా సమస్య ఒకటే: ఒక బోల్టు ఎక్కువ, ఒక బోల్టు తక్కువ. నాచారం షెడ్లలో టార్క్ రెంచ్ ఇప్పుడు కనిపిస్తూనే ఉంది, అయితే హెడ్డు బోల్టులకు మాత్రమే తీస్తున్నారు. మ్యానిఫోల్డ్ దగ్గరికి వచ్చేసరికి పక్కన పెట్టేస్తున్నారు. ఇంకో మాట. 5,000 సార్లు వాడినా, 12 నెలలు గడిచినా ఆ రెంచ్‌ను ఒకసారి పరీక్ష చేయించాలి. పని అయ్యాక స్ప్రింగ్ సడలించి పెట్టాలి. బిగువుగానే వదిలేస్తే అది చూపే అంకె నమ్మదగ్గది కాదు.

పని ఎలా సాగాలో చూద్దాం. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. పాత ప్యాకింగ్ గీకేటప్పుడు ముక్కుకు మాస్కు, ప్యాకింగ్ మీద నీళ్లు. పాతకాలం ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికి వస్తుంది. చాలా షెడ్లలో దీన్ని పొడిగానే గీకి నోటితో ఊదేస్తుంటారు, ఆ అలవాటు ఈ రోజే మానాలి. తర్వాత చదునైన స్టీలు పట్టీని మ్యానిఫోల్డ్ ముఖాల మీద ఆనించి ఫీలర్ గేజ్‌తో చూడాలి. సందులోకి మిల్లీమీటరులో పదో వంతు మందం రేకు దూరిపోతుంటే ఫేసింగ్‌కు ఇవ్వాల్సిందే. కొత్త ప్యాకింగ్ రేకు ముఖం మ్యానిఫోల్డ్ వైపు ఉండేలా పెట్టాలి, వేడికి జరిగేటప్పుడు అటువైపు నునుపుగా ఉండాలి. పేస్టు పూయనవసరం లేదు.

నట్లన్నీ వేళ్లతో తిరిగినంత వరకు తిప్పాలి. వేళ్లకు తిరగని నట్టు ఏదైనా ఉంటే అక్కడ మర చెడిందని అర్థం, పానాతో బలవంతం చేయకూడదు. ఆ తర్వాత మధ్యలో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా చివర్లకు వెళ్లాలి. మొదటి చుట్టులో 5 పౌండ్-అడుగులు, రెండో చుట్టులో 10, మూడో చుట్టులో 15. మృదంగ విద్వాంసుడు శ్రుతి చేసేటప్పుడు అంచు చుట్టూ కొంచెం కొంచెంగా తడుతూ వస్తాడు కానీ ఒక్కచోటే కొట్టి వదిలేయడు, ఇదీ అంతే. ఒక చివర నుంచి మొదలుపెట్టి వరసగా పూర్తిగా బిగించుకుంటూ పోతే రెండో చివర గాల్లోకి లేస్తుంది. దాన్ని కిందికి లాగేటప్పుడు పోత ఇనుము పగులుతుంది.

విరిగిన స్టడ్డు ఎదురైతే కంగారుపడి డ్రిల్లు పట్టుకోవడం పొరపాటు. వంకరగా డ్రిల్లు దిగితే హెడ్డే పోతుంది. అనుభవమున్న వెల్డర్ విరిగిన ముక్క మీద ఒక నట్టు ఆనించి, నట్టు కన్నంలోంచి వెల్డింగ్ చేసి రెండింటినీ కలిపేస్తాడు. ఆ వేడికి తుప్పు వదులవుతుంది. చల్లారుతుండగా నట్టును నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తే ముక్క తిరుగుతూ బయటికి వస్తుంది. ఉప్పల్ రింగు రోడ్డు పక్కన, నాచారం లోపలి వీధుల్లో ఈ పని తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. ఈ నేర్పు వాళ్లతోనే పోకూడదు. ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో కొత్త ఇంజన్లతో పాటు ఒక పాత ఇంజన్ కూడా పిల్లల చేతికిస్తే ఆ నేర్పు నిలుస్తుంది.

అంతా బిగించేశాక పని అయిపోయిందని బానెట్ వేసేస్తారు. పని ఇంకా సగమే అయ్యింది. కొత్త ప్యాకింగ్ మొదటి వేడికి కాస్త అణుగుతుంది. ఇంజన్ నడిపి, పూర్తిగా వేడెక్కనిచ్చి, మళ్లీ చేతికి చల్లగా తగిలేదాకా ఆగి అదే వరసలో ఇంకోసారి రెంచ్ పెట్టాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి. వేడి మీద బిగించకూడదు, సాగి ఉన్న లోహం దగ్గర అంకె అబద్ధం చెబుతుంది.

ఈ రెండో బిగింపు చేయని బండిని చెవితోనే పట్టుకోవచ్చు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టు చేయగానే టిక్ టిక్ టిక్ అని వినిపించి, ఐదు నిమిషాలకు ఇనుము సాగి ఆ చప్పుడు తగ్గిపోతే అది పొగ వైపు కారుతున్నట్టే. ప్యాకింగ్ అంచున నల్లటి మసి చార కనిపిస్తుంది. చాలామంది దీన్ని వాల్వుల చప్పుడనుకుని ట్యాపెట్లు సరిచేయించి డబ్బు పోగొట్టుకుంటారు. గాలి వైపు కారితే లక్షణాలు వేరు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్ ఎగుడుదిగుడుగా కొట్టుకుంటుంది, కార్బురేటర్ స్క్రూ ఎంత తిప్పినా నిలకడ రాదు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మంట వేడి పెంచుతుంది, వాల్వులు కాలతాయి. ఎక్కడ కారుతుందో తెలుసుకోవడానికి వేడి ఇంజన్ మీద పెట్రోలో కిరసనాయిలో చల్లే పాత పద్ధతి వెంటనే మానేయాలి. బానెట్ కింద అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

పొగ వైపు కారడం డబ్బు నష్టంతో ఆగదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పాత కార్లలో ఇంజన్‌కూ సీట్లకూ మధ్య అడ్డుగోడలో రబ్బరు గ్రోమెట్లు ఎండిపోయి కన్నాలు పడి ఉంటాయి. వానాకాలం అద్దాలు ఎత్తుకుని ట్రాఫిక్‌లో ఆగితే ఆ వాయువు లోపలికి చేరుతుంది. తలనొప్పి, మత్తు వస్తే అలసట అనుకుంటారు. వెనక సీట్లో పిల్లలుంటే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

బండిని ఉన్నది ఉన్నట్టు కాపాడుకోవడానికి ఇప్పుడు చట్టం కూడా ఒక కారణమైంది. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన, సొంత వాడకానికి ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లకు వీఏ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోవడానికి 5,000. గడువు 10 ఏళ్లు. రోజూ తిప్పడానికి వీల్లేదు. చాసీ, బాడీ, ఇంజన్ అసలు రూపం మార్చి ఉండకూడదు. 1970ల మొదట్లో కొన్న అంబాసిడర్ ఇప్పటికే ఈ హద్దులోకి వచ్చేసింది. పొగ కారుతోందని అసలు మ్యానిఫోల్డ్ పారేసి గొట్టాలతో వెల్డింగ్ చేసి పెట్టేవాళ్లు, ఇంజన్ తీసేసి ఇంకోటి ఎక్కించేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. నిజానికి అలాంటి బండ్లలో చాలావాటికి కావాల్సింది ఒక ఫేసింగ్, ఒక ప్యాకింగ్, ఆరు ఇత్తడి నట్లు, ఓపికతో మూడు చుట్ల బిగింపు.

మీ ఇంట్లో పాత కారు ఉంటే వచ్చే ఆదివారం పొద్దున, స్టార్టు చేయకముందే బానెట్ ఎత్తి మ్యానిఫోల్డ్ అంచు వెంట టార్చి వేసి చూడండి. మసి చార కనిపిస్తే ఆ బండిలో పిల్లల్ని ఎక్కించకండి. నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి, టార్క్ రెంచ్ తీయమని అడగండి, చల్లారాక రెండోసారి బిగించేదాకా అక్కడే ఉండండి.